టెన్షన్, సోరియాసిస్, ఎగ్జిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

సోరియాసిస్ (ఎర్రటి మచ్చల మీద తెల్లటి పొలుసులు లేచే చర్మపు జబ్బు), అటోపిక్ ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి, విపరీతంగా దురదపెట్టే జబ్బు) ఉన్నవాళ్లూ వాళ్ల ఇంట్లోవాళ్లూ ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొలతలన్నీ పెద్దవాళ్లకు చెప్పినవి. పిల్లలకు, గర్భిణులకు డాక్టర్ చెప్పిన లెక్కే లెక్క.

నాకు సోరియాసిస్ టెన్షన్ వల్లే వచ్చిందా?

టెన్షన్ ఒక్కదాని వల్లే రాదు. ఆ జబ్బు వచ్చే తత్వం జన్యువుల్లో ఉంటుంది. దాన్ని నిద్రలేపేవి చాలా ఉన్నాయి: గొంతు ఇన్ఫెక్షన్ (పిల్లల్లో, కుర్రాళ్లలో ఒళ్లంతా చిన్న చిన్న చుక్కల్లా లేచే రకానికి ఇదే ముఖ్య కారణం), కొన్ని మందులు, మద్యం, సిగరెట్, పెరిగిన బరువు, చలికాలం. టెన్షన్ కూడా ఆ వరసలోదే. కొలిమిలో బొగ్గులు ముందే ఉన్నాయి, టెన్షన్ తిత్తి ఊదుతుంది.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, "అంతా నీ టెన్షన్ వల్లే" అనే మాట రోగిని దోషిని చేస్తుంది. చర్మం మండుతుంటే పైన ఈ నింద ఒకటి. పైగా "టెన్షన్ తగ్గితే అదే పోతుందిలే" అని మందు పక్కన పెట్టేస్తారు. ఈ పేజీలో ఒక్కటే గుర్తుంచుకుంటామంటే, క్రమం గుర్తుంచుకోండి: ముందు చర్మానికి మందు, తర్వాత నిద్ర, తర్వాత గోకుడు మానడం, ఆ తర్వాతే ధ్యానం. తలకిందులుగా మొదలుపెట్టినవాళ్లు నెలలు పోగొట్టుకుంటారు.

మనసులో ఉన్న బాధ చర్మం దాకా ఎలా వెళ్తుంది?

నాలుగు దారులున్నాయి.

మొదటిది హార్మోన్ల దారి. కంగారు పడగానే మెదడు నుంచి కబురు దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులకు వెళ్తుంది. అవి కార్టిసాల్ విడుదల చేస్తాయి. కార్టిసాల్ వాపును అణచేదే. స్టెరాయిడ్ క్రీములు దాని దగ్గరి చుట్టాలే. మరి టెన్షన్‌లో చర్మం బాగుపడాలి కదా? గంటో, పూటో ఉండే టెన్షన్‌లో పెద్ద నష్టం లేదు. అప్పులు, ఇంట్లో మంచాన పడ్డ మనిషి, ఎడతెగని కోర్టు కేసు లాంటివి నెలల తరబడి సాగితేనే చిక్కు. రోజూ అరిచే పెద్దాయన మాట ఇంట్లో ఎవరూ వినరు చూడండి, అలాగే రోగనిరోధక కణాలు కార్టిసాల్ మాట వినడం మానేస్తాయి. సోరియాసిస్, ఎగ్జిమా ఉన్నవాళ్లలో కొందరికి కార్టిసాల్ రావలసినంత రాదు కూడా. ఎలా చూసినా వాపుకు కళ్లెం వదులవుతుంది.

రెండోది నరాల దారి. చర్మంలోని నరాల కొసల నుంచి సబ్‌స్టెన్స్ పి లాంటి రసాయనాలు ఊరుతాయి. వాటి పక్కనే మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాలుంటాయి. అవి పగిలితే హిస్టమిన్, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు రసాయనాలు బయటపడి దురద, ఎరుపు మొదలవుతాయి. సోరియాసిస్‌లో అప్పటికే ఐఎల్-23, ఐఎల్-17 అనే వాపు పెంచే సంకేతాలు హెచ్చుగా నడుస్తుంటాయి కాబట్టి ఈ కొత్త మంట వాటికి తోడవుతుంది. మామూలుగా కింది పొరలో పుట్టిన చర్మకణం పైకి వచ్చి రాలడానికి సుమారు నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో మూడు నుంచి ఐదు రోజులే. పండకుండానే పైకి వచ్చిన ఆ కణాలే తెల్లటి పొలుసులు.

మూడోది చర్మపు గోడ. ఒత్తిడిలో ఉన్నప్పుడు చర్మం తన పై పొరను తిరిగి కట్టుకోవడం నెమ్మదిస్తుంది. అమెరికాలోని ఒహాయోలో చేసి 1995లో ప్రచురించిన అధ్యయనంలో, మతిమరుపు జబ్బు ఉన్న బంధువులకు సేవ చేస్తున్న స్త్రీలకూ, అదే వయసులో ఆ భారం లేనివాళ్లకూ చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి చూశారు. సేవ చేస్తున్నవాళ్ల గాయం మానడానికి సుమారు తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. ఎగ్జిమాలో గోడ ముందే బీటలు వారి ఉంటుంది, దాని మీద ఇదొకటి.

నాలుగోది అందరికీ తెలిసి ఎవరూ లెక్కలోకి తీసుకోనిది: టెన్షన్‌లో ఉన్న మనిషి క్రీము రాసుకోడు, నిద్రపోడు, తెలియకుండా గోకుతాడు, ఒక పెగ్గు ఎక్కువ వేస్తాడు. చాలామందిలో పెద్ద నష్టం ఇక్కడే జరుగుతుంది. మనం వెంటనే సరిదిద్దుకోగలిగిందీ ఇదే.

దీనికి రుజువుందా, లేక డాక్టర్లు తోచక చెప్పే మాటా?

ఉంది. 1995 జనవరిలో జపాన్‌లోని కోబే ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. అక్కడి అటోపిక్ ఎగ్జిమా రోగులను తర్వాత పరిశీలిస్తే, బాగా దెబ్బతిన్న ప్రాంతంలో 38 శాతం మందికి, కొంత దెబ్బతిన్న చోట 34 శాతం మందికి జబ్బు ముదిరింది. భూకంపం తాకని చోట ఆ లెక్క 7 శాతమే. ఇళ్లు కూలిన చోట దుమ్ము, నీళ్ల కరువు, దొరకని మందులు కూడా ఉంటాయి కాబట్టి అంతా మనసు పనే అనలేం. కానీ అంత తేడాను తోసిపుచ్చనూ లేం.

గొడవ జరిగిన రోజున ఏమీ కాలేదు. నెల తర్వాత ఎక్కువైంది. మరి టెన్షన్ ఎలా కారణం?

జబ్బును బట్టి గడువు మారుతుంది. దద్దుర్లు, వట్టి దురద అయితే అదే పూట కనిపిస్తాయి. ఎగ్జిమాకు కొన్ని రోజులు. సోరియాసిస్‌కు వారాలు. నెదర్లాండ్స్‌లో సోరియాసిస్ రోగులను ఆరు నెలలు గమనించిన అధ్యయనంలో రోజువారీ చికాకులు ఎక్కువైన నాలుగు వారాలకు మచ్చలు, దురద పెరగడం కనిపించింది. అందుకే చాలామంది కారణాన్ని తప్పుచోట వెతుకుతారు. నిన్న తిన్న కూర మీద నేరం మోపుతారు, నెల కిందటి ఆడిట్‌ను మరిచిపోతారు.

దీన్ని పట్టుకోవడానికి గోడ మీద తెలుగు క్యాలెండర్ చాలు. రోజు గడిలో పెన్సిల్‌తో మూడు అంకెలు: దురద 0 నుంచి 10 వరకు ఎంత, రాత్రి నిద్ర ఎన్ని గంటలు, టెన్షన్ 0 నుంచి 10 వరకు ఎంత. క్రీము రాయని రోజు పక్కన ఒక ఇంటూ గుర్తు. ఎనిమిది వారాలు రాయండి, తక్కువైతే నాలుగు వారాల గడువు బయటపడదు. నోటుపుస్తకంలో పేరాలు రాయడం మొదలుపెట్టినవాళ్లు వారంలో మానేస్తారు. అంకెలే రాయండి. ఇంటూ గుర్తులు గుంపుగా ఉన్న వారం తర్వాత జబ్బు పెరిగితే, టెన్షన్ మీద నింద వేసేముందు ఆ ఇంటూలను చూడండి.

దురద రాత్రిపూటే ఎందుకు ఎక్కువ?

నిద్రవేళకు కార్టిసాల్ రోజంతటిలో తక్కువకు పడిపోతుంది. చర్మం వెచ్చబడుతుంది, చర్మం నుంచి తేమ ఎక్కువగా ఆవిరవుతుంది. మనసు మళ్లించే పని కూడా ఉండదు. నిద్ర చెడితే మర్నాడు చికాకు, చికాకుతో మళ్లీ దురద.

పడుకునే గంట ముందు గోరువెచ్చని నీళ్లతో ఐదు నుంచి పది నిమిషాల స్నానం. వేడివేడి నీళ్లు పోసుకుంటే దురదకు హాయిగా ఉంటుంది నిజమే, ఆ హాయి పది నిమిషాలే. తర్వాత చర్మం మరింత ఎండి రెట్టింపు దురద. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, ఒంటి మీద కొంచెం తడి ఉండగానే, మూడు నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాయండి. పలుచటి పాత నూలు బట్టలు, పాత నూలు దుప్పటి. ఫ్యాన్ ఉండాలి. ఏసీ అయితే చలి పుట్టేంత వద్దు.

మగత తెప్పించే దురద మాత్రలు కొన్ని రాత్రులు నిద్రకు సాయం చేస్తాయి. ఎగ్జిమా దురద ప్రధానంగా హిస్టమిన్‌ది కాదు కాబట్టి, హిస్టమిన్‌ను అడ్డుకునే సెటిరిజిన్ లాంటి మాత్ర నెలల తరబడి మింగినా పెద్దగా తగ్గదు. మెడికల్ షాపులో మాత్ర మార్చుకుంటూ పోవడం దండగ.

గోకకూడదని తెలుసు. చెయ్యి ఆగడం లేదు. ఏం చెయ్యాలి?

"గోకకు, గోకకు" అని ఇంట్లోవాళ్లు అరవడం వల్ల లాభం లేదు, అదో కొత్త టెన్షన్. స్వీడన్‌లో ఎగ్జిమా రోగుల కోసం రూపుదిద్దిన అలవాటు మార్పిడి పద్ధతి ఒకటుంది. మందుతో పాటు చేస్తే బాగా పనిచేస్తుంది.

మొదటి వారం ఆపే ప్రయత్నమే చెయ్యకండి, లెక్కపెట్టండి. పూజా సామగ్రి షాపుల్లో వేలికి ఉంగరంలా తొడుక్కునే జపం కౌంటర్ దొరుకుతుంది. గోకిన ప్రతిసారీ బటన్ ఒకసారి నొక్కండి. రాత్రికి అంకె చూస్తే చాలామంది నిర్ఘాంతపోతారు. ఎక్కువగా ఎక్కడ గోకుతున్నారో కూడా తెలుస్తుంది: ఫోన్ చూస్తూ, బండి మీద సిగ్నల్ దగ్గర, టీవీ ముందు, బట్టలు మార్చుకునేటప్పుడు.

రెండో వారం నుంచి చెయ్యి కదలగానే రెండు పిడికిళ్లూ గట్టిగా బిగించి ముప్పై లెక్కపెట్టండి. దురద ఇంకా ఉంటే ఆ చోట గోరుతో గీరకుండా వేలితో నొక్కి పట్టుకోండి, లేదా తడిబట్ట చుట్టిన ఐసు ముక్కను ఒక నిమిషం పెట్టండి. తర్వాత అక్కడ మాయిశ్చరైజర్. కౌంటర్ నొక్కడం ఆపకండి. చాలామంది అంకె తగ్గగానే కౌంటర్ తీసేస్తారు, పది రోజులకు చెయ్యి పాత దారి పడుతుంది. నెలన్నర ఉంచుకోండి.

గోళ్లు వారానికి రెండుసార్లు కత్తిరించి, కొసలు నున్నగా అరగదీయండి. సోరియాసిస్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి: గీరుకున్న గీత వెంబడే, సాధారణంగా పది నుంచి ఇరవై రోజుల్లో, కొత్త మచ్చ లేస్తుంది. 19వ శతాబ్దంలో దీన్ని గుర్తించిన జర్మన్ వైద్యుడి పేరు మీద కోబ్‌నర్ లక్షణం అంటారు. గోరే కానక్కర్లేదు. నడుము మీద లంగా నాడా ఒత్తిన చోట, బెల్టు కింద, వాచీ పట్టీ కింద, గడ్డం గీసుకున్న చోట కూడా వస్తుంది. నాడా బదులు వెడల్పు ఎలాస్టిక్ ఉన్న లంగా వాడండి. పండగ తలంటికి సున్నిపిండి పెట్టి పొలుసులు ఊడేలా నలుగు పెట్టే అలవాటు మచ్చలున్నప్పుడు వద్దే వద్దు. నూనె రాసుకోండి, రుద్దుడు మానండి.

క్రీము ఎంత రాయాలి? రోజూ రాస్తున్నా తగ్గడం లేదు.

చాలాసార్లు తప్పు మందుది కాదు, కొలతది. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండిన క్రీము సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. మణికట్టు దాకా ఒక చేతికి మూడు కొలతలు, ఒక కాలికి ఆరు, పాదానికి రెండు. రెండు కాళ్లకూ రాయాలంటే పన్నెండు కొలతలు, అంటే ఆరు గ్రాములు. 15 గ్రాముల ట్యూబు మూడు పూటలకు కూడా రాదు. "ఒక ట్యూబు నెలంతా వచ్చింది" అని సంబరపడ్డారంటే మందు చర్మానికి అందనే లేదు.

ఎక్కువైనా ప్రమాదమే. క్లోబెటసాల్ లాంటి బాగా బలమైన స్టెరాయిడ్‌ను డాక్టర్ పర్యవేక్షణ లేకుండా రెండు వారాలు దాటి రాయకూడదు, వారానికి 50 గ్రాములు మించకూడదు. ముఖం, చంకలు, గజ్జల్లో సొంతంగా అసలు రాయకూడదు.

మాయిశ్చరైజర్ లెక్క వేరు. ఒళ్లంతా పొడిబారినవాళ్లకు వారానికి 250 గ్రాములైనా కావాలి. సువాసన డబ్బా అక్కర్లేదు, తెల్ల పెట్రోలియం జెల్లీ, కొబ్బరినూనె చాలు. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు గోడను దెబ్బతీస్తాయి, వద్దు. స్టెరాయిడ్‌కూ మాయిశ్చరైజర్‌కూ మధ్య పావుగంట నుంచి అరగంట ఎడం ఇవ్వండి, లేకపోతే మందు పలుచబడుతుంది. పెట్రోలియం జెల్లీ ఇంకిన బట్టలకు సులువుగా నిప్పంటుకుంటుంది, స్టవ్వు దగ్గర, దీపం దగ్గర జాగ్రత్త.

టెన్షన్ తగ్గింది, చర్మమూ బాగుంది. మందులు ఆపేయొచ్చా?

మీ అంతట మీరు వద్దు. స్టెరాయిడ్ మాత్రలో, ఇంజెక్షన్లో వాడి ఆపేస్తే సోరియాసిస్ విరుచుకుపడుతుంది, ఒక్కోసారి ఒళ్లంతా చీముపొక్కులతో. ఊళ్లో "ఒక్క సూదికి తగ్గిపోతుంది" అని వేసే ఇంజెక్షన్‌లో ఏముందో అడగండి. పేరు చెప్పకపోతే వేయించుకోకండి. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబులు చీటీ లేకుండా కొని ఎగ్జిమాకూ తామరకూ ఒకటే రాసేవాళ్లు కోకొల్లలు. తామరకు రాస్తే ఎరుపు తగ్గుతుంది, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతుంది.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు ఒకటికి రెండుసార్లు చదవండి: చర్మానికి వాడే ఈ మాత్ర వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వారం పేరు డబ్బా మీద పెద్దక్షరాలతో రాసిపెట్టండి. ఆ మాత్ర వాడుతూ మద్యం తాగితే కాలేయానికి దెబ్బ. టెన్షన్‌కు మందు కొట్టే అలవాటున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు దాచకండి.

టెన్షన్‌కు వాడే మందులు చర్మాన్ని పాడుచేస్తాయా?

కొన్ని. గుండెదడకు, స్టేజి భయానికి రాసే ప్రొప్రనలాల్, బైపోలార్ జబ్బుకు వాడే లిథియం సోరియాసిస్‌ను పెంచగలవు. మలేరియాకు వాడే క్లోరోక్విన్ కూడా. టెన్షన్‌కు మాత్ర మొదలైంది, టెన్షన్ తగ్గింది, చర్మం మాత్రం ఎక్కువైంది అంటే ముందు ఆ చీటీ చూడాలి. అయినా మీరే ఆపకండి. ప్రొప్రనలాల్ ఉన్నట్టుండి మానితే గుండెకు ప్రమాదం, లిథియం మానితే మనసు జబ్బు తిరగబెడుతుంది. రెండు చీట్లూ ఒకే డాక్టర్ ముందు పెట్టండి, బదులు మందులు ఉన్నాయి.

ధ్యానం, ప్రాణాయామం నిజంగా పనిచేస్తాయా?

మందుకు తోడుగా, అవును. 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో 37 మంది సోరియాసిస్ రోగులకు కాంతి చికిత్స (పెట్టెలో నిలబెట్టి చర్మానికి అతినీలలోహిత కాంతి పట్టడం) ఇస్తూ, సగం మందికి ఆ పెట్టెలో నిలబడి ఉండగానే ధ్యానం టేపు వినిపించారు. విన్నవాళ్ల చర్మం త్వరగా బాగుపడింది. చిన్న అధ్యయనమే. కానీ గమనించండి, రెండు గుంపులకూ చికిత్స అందింది. ధ్యానం ఒక్కటే ఇచ్చి చూడలేదు.

చెయ్యడం కష్టం కాదు. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. నిమిషానికి ఆరు శ్వాసలొస్తాయి. పది నిమిషాలు, రోజూ ఒకే వేళకు. రాత్రి మాయిశ్చరైజర్ రాసుకున్నాక చేస్తే రెండు అలవాట్లూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. కళ్లు తిరిగితే బలంగా పీలుస్తున్నారన్నమాట, తగ్గించండి. ఎగ్జిమా ఉన్నవాళ్లు చెమటలు కక్కేలా చేసే వ్యాయామం మానక్కర్లేదు, అయిపోయిన వెంటనే చెమట కడిగేసుకోవాలి.

వంకాయ, గోంగూర, ఎండుచేపలు మానాలా?

తిన్న రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాల వాపు, దురద వస్తే ఆ పదార్థం మానండి, డాక్టర్‌కు చెప్పండి. అది లేనప్పుడు పథ్యం పేరుతో పది రకాలు మానేస్తే కంచం ముందు కూర్చోవడమే టెన్షన్ అవుతుంది. సోరియాసిస్‌లో లావుగా ఉన్నవాళ్లు బరువు తగ్గితే మచ్చలు తగ్గుతాయి. పథ్యం పెట్టాలనుకుంటే అక్కడ పెట్టండి.

నైట్ షిఫ్ట్ మానలేను. మరి?

వారం వారం మారే షిఫ్టు కన్నా స్థిరమైన నైట్ షిఫ్టే నయం. పగటి నిద్రకు గది చీకటిగా ఉండాలి, ఫోన్ వేరే గదిలో ఉండాలి. క్రీము వేళల్ని గడియారానికి కాకుండా మీ నిద్రకు కట్టండి. చలి దేశాల్లో ఉన్న మనవాళ్లకు శీతాకాలం హీటరు గాలి చర్మాన్ని ఎండగొడుతుంది, అక్కడ మాయిశ్చరైజర్ రోజుకు మూడు నాలుగుసార్లు పట్టొచ్చు.

అంటుకుంటుందా? పెళ్లి చేసుకోవచ్చా?

అంటుకోదు. కంచం, తువ్వాలు, మంచం, సంసారం, దేనితోనూ. పెళ్లికి అడ్డు లేదు. దాచి చేసుకుంటే మాత్రం ఆ దాపరికమే రోజూ టెన్షన్. పిల్లల కోసం ప్రయత్నించే ముందు మందుల చీటీ డాక్టర్‌కు చూపించాలి, మెథోట్రెక్సేట్ ఉంటే తప్పనిసరిగా.

మనసు బాధ చర్మం డాక్టర్‌తో చెప్పాలా?

చెప్పాలి. ఓపీలో దొరికే ఐదు నిమిషాల్లో ఎలా అంటే, డీఎల్‌క్యూఐ అనే పది ప్రశ్నల పత్రం ఉంది, గత వారం చర్మం మీ బతుకును ఎంత అడ్డుకుందో కొలుస్తుంది. మొత్తం 30 మార్కులు, 10 దాటితే జబ్బు మీ జీవితాన్ని బాగా దెబ్బతీస్తోందని అర్థం. మచ్చలు కొన్నే ఉన్నా ఆ అంకె పెద్దదైతే చికిత్స పెంచడానికి అది కారణమే. క్యాలెండర్ కూడా పట్టుకెళ్లండి.

రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, ఏడుపు ఆగకపోయినా మానసిక వైద్యుణ్ని కలవండి. "పిచ్చి డాక్టర్" అనే మాటకు జంకకండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి. టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416, ఉచితం, రాత్రీపగలూ, తెలుగులో మాట్లాడొచ్చు.

అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎప్పుడు పరుగెత్తాలి?

ఒళ్లు దాదాపు మొత్తం ఎర్రబడి చలి, వణుకు, పాదాల వాపు వస్తే. జ్వరంతో పాటు ఎర్రటి చర్మం మీద చీముపొక్కులు గుంపులుగా లేస్తే. ఎగ్జిమా ఉన్నచోట ఒకే సైజు చిన్న పొక్కులు, గుండ్రని పుండ్లు నొప్పితో వేగంగా పాకితే, అది హెర్పిస్ కావచ్చు, కంటి దగ్గరుంటే చూపుకే ముప్పు. వీటిలో ఏదైనా అదే రోజు ఆసుపత్రి. పొద్దున్నే వేళ్లు, మడమలు అరగంటకు పైగా బిగుసుకుంటుంటే అంత తొందర లేదు, అయినా నెలలు ఆగకండి. సోరియాసిస్ కీళ్లలోకి దిగితే అరిగిన కీలు తిరిగి రాదు.